ఆటిజం ఉన్న నాలుగేళ్ల బాబును మా ప్లే స్కూల్లో చేర్చుకోవాలా? ఒక కరస్పాండెంట్ ప్రశ్నకు జవాబు

మేడమ్, ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మండల కేంద్రంలో నర్సరీ నుంచి యూకేజీ వరకు చిన్న బడి నడుపుతున్నారు. నాలుగేళ్ల బాబును వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. బాబుకు ఆటిజం ఉందని డాక్టరు చెప్పారు. మాటలు ఇంకా రాలేదు, డైపరు మానలేదు, మైకు శబ్దం వింటే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఇంతకు ముందే రెండు బడులు కాదన్నాయి. మీ టీచర్లు ‘మా వల్ల కాదు’ అంటున్నారు. మీ వారు ‘వచ్చే జూన్‌లో చూద్దాం’ అంటున్నారు. మిగతా తల్లిదండ్రులు ఏమంటారోనని మీకు దిగులు. చట్టం ఏమంటుందో, మీరేం చేయాలో చెప్పమన్నారు.

చేర్చుకోండి. జూన్ దాకా ఆగకండి.

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చిన్నపిల్లలతో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత ప్లే స్కూళ్ల ప్రిన్సిపాళ్లతో, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లతో కూర్చుని సరిగ్గా ఈ విషయమే మాట్లాడే పనిలో ఉన్నాను. పిల్లల మీద అయిష్టంతో కాదనే ప్రిన్సిపాల్ నాకు దాదాపు ఎదురుపడలేదు. ‘పిల్లలందరూ కలిసి చదవాలి’ అంటే ఒప్పుకోనివారూ అరుదే. ఒప్పుకున్న వెంటనే ‘కానీ మా బడిలో...’ అని మొదలవుతుంది. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేవి చాలా స్పష్టమైన భయాలు. డైపరు ఎవరు మారుస్తారు? గేటు దాటి పరుగెత్తితే ఎవరు బాధ్యులు? పక్క పిల్లను కొరికితే ఆ పిల్ల తండ్రికి ఏం చెప్పాలి? ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరు ఈ బాబు దగ్గరే ఉండిపోతే మిగతావారి సంగతేమిటి? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే, ప్రతిదానికీ జవాబు ఉంది. ఆ జవాబు వెతకకుండానే ‘మీ బాబు మంచికే చెబుతున్నాం, స్పెషల్ స్కూల్లో వేయండి’ అని పంపేస్తారు. అన్యాయం జరిగేది అక్కడ. మండల కేంద్రంలో నాలుగేళ్ల పిల్లలకు స్పెషల్ స్కూలు ఎక్కడుంది? ఆ తల్లి వెళ్లేది ఇంటికే. 2011 జనాభా లెక్కల ఆధారంగా యునెస్కో 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్న 5 ఏళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ బడికీ వెళ్లడం లేదు. వాళ్లలో ఎందరిని ఎవరో ఒకరు మర్యాదగానే, మంచి మాటలతోనే గుమ్మం నుంచి వెనక్కి పంపి ఉంటారో ఆలోచించండి.

ఇంకో సంగతి. ఈ ప్రిన్సిపాళ్లనే ‘కాలికి ఆసరాగా కాలిపర్లు (లోహపు పట్టీలు) వేసుకున్న పాప వస్తే?’ అని అడిగితే వెంటనే సరేనంటారు. వినికిడి యంత్రం పెట్టుకున్న బాబంటే కొంచెం ఆలోచించి సరేనంటారు. ఆటిజం అనగానే మాట ఆగిపోతుంది. ఇది మన దగ్గరే కాదు, బడి నడిపేవారి, టీచర్ల వైఖరి మీద చాలా దేశాల్లో జరిగిన పరిశీలనల్లో పదేపదే కనిపించిన తేడా. శారీరక వైకల్యం పట్ల సుముఖత ఎక్కువ, మేధో వైకల్యం పట్ల తక్కువ, ప్రవర్తన వేరుగా ఉండే పిల్లల పట్ల మరీ తక్కువ. మన దగ్గర దీనికి ఒక చరిత్ర కూడా ఉందని నా అభిప్రాయం. ఇప్పుడు బడులు నడుపుతున్న తరం పోలియో సోకిన తోటి పిల్లలతో కలిసి చదువుకుంది. వైకల్యం అంటే వారి మనసులో మెదిలేది ఆ కాలే, ఆ కర్రే. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ కూడా అందింది. ఇవాళ మీ గుమ్మం ఎక్కే పిల్లల్లో ఆటిజం, మాట ఆలస్యం, ఎదుగుదలలో వెనుకబాటు ఎక్కువగా కనిపిస్తాయి. 1995 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలు 7, వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. చట్టం మారినంత వేగంగా మన అలవాటు మారలేదు. చూస్తే కనిపించని వైకల్యాన్ని మనం ఇంకా అల్లరి కిందో, పెంపకంలో లోపం కిందో లెక్కేస్తున్నాం. ‘కాలు లేదు పాపం’ అన్న నోటితోనే ‘తల్లి క్రమశిక్షణ నేర్పలేదు’ అంటున్నాం.

ఇక చట్టం. మీరు నేరుగా అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న ప్రతి విద్యాసంస్థా వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా, అవసరమైన సర్దుబాట్లు చేసేలా ప్రభుత్వాలు చూడాలని దాని 16వ సెక్షన్ చెబుతుంది. తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే అని అదే చట్టం నిర్వచించింది. మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ప్రైవేటు బడులు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన ఒకటో తరగతి ఉండి, దానికింద ప్రీ ప్రైమరీ కూడా నడిపే బడికి ప్రీ ప్రైమరీ నుంచే వర్తిస్తుంది. 2012 సవరణ వైకల్యం ఉన్న పిల్లలను ఆ సీట్లకు అర్హులైన వర్గాల్లో చేర్చింది.

అయితే ఒక ఖాళీ ఉంది. ఉచిత విద్య హక్కు 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనూ 6 ఏళ్ల నుంచే మొదలవుతుంది, 2016 చట్టం 31వ సెక్షన్‌లోనూ 6 నుంచే. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకు అంత గట్టి హామీ లేదు. యూకేజీతో ఆగిపోయే చిన్న ప్లే స్కూళ్లలో చాలావాటికి గుర్తింపు కూడా ఉండదు. అంటే ఎదుగుదలకు అత్యంత కీలకమైన ఏళ్లలో ఆ పిల్లవాడి చదువు చాలావరకు మీలాంటి ఒక మనిషి మంచి నిర్ణయం మీద ఆధారపడి ఉంది. ఇది ఇలా ఉండకూడదు, చట్టం మారాలి. మారే దాకా మాత్రం ఆ కుర్చీలో మీరే ఉన్నారు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు మూడేళ్లు నిండగానే పిల్లవాడికి ప్రభుత్వ బడి ద్వారా ఉచితంగా ప్రత్యేక విద్యా ప్రణాళిక పొందుతాయి. పేద పిల్లల కోసం అక్కడ నడిచే హెడ్ స్టార్ట్ కార్యక్రమంలో కనీసం 10 శాతం చోటు వైకల్యం ఉన్న పిల్లలకు కేటాయించాలన్న నియమం 1970ల నుంచీ ఉంది. అక్కడ ప్రిన్సిపాళ్లందరూ మనకంటే మంచివారని కాదు. నిర్ణయం వారి ఇష్టానికి వదలలేదు, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇదే. ‘ఈ బాబు మా క్లాసులో కూర్చోలేడు’ అని మీ టీచర్లు అంటున్నారు కదా. ఆ క్లాసు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఎల్‌కేజీలో నలభై నిమిషాల పీరియడు, నాలుగు గీతల కాపీ, రోజుకు రెండు పేజీల రాత, ఇంటికి హోంవర్కు, నెలకో పరీక్ష. తల్లిదండ్రులు అడుగుతున్నారని మనం ఇస్తున్నాం, ఇస్తున్నామని వాళ్లు అడుగుతున్నారు. ఈ క్లాసులో ఆటిజం ఉన్న బాబు కూర్చోలేడు, నిజమే. కానీ మామూలు నాలుగేళ్ల పిల్లలు కూడా కూర్చోలేరు, కూర్చోబెడుతున్నాం. కొందరు భయంతో, కొందరు అలవాటుతో, కొందరు కిటికీలోంచి బయటికి చూస్తూ కాలం గడుపుతారు. ఈ బాబు ఒక్కడే లేచి పరుగెత్తుతాడు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆట ద్వారానే చదువు అని స్పష్టంగా చెప్పింది. ఇసుక, నీళ్లు, చెక్క దిమ్మెలు, పాట, కథ, నలుగురైదుగురు చొప్పున చిన్న గుంపులు ఉన్న గదిలో మాట రాని బాబుకు ఏదో ఒక మూల పని దొరుకుతుంది, పక్కన ఇంకో పిల్ల ఉంటుంది. రాతే చదువైన గదిలో అతనికి చోటే లేదు. అందుకే వైకల్యం ఉన్న పిల్లల గురించి ఒక ప్రిన్సిపాల్ వైఖరి తెలుసుకోవాలంటే నేను ఆ ప్రశ్న అడగను. ‘మీ ఎల్‌కేజీ పిల్లలు పొద్దున పది గంటలకు ఏం చేస్తుంటారు?’ అని అడుగుతాను. నాకు కావలసిన జవాబు అందులోనే వస్తుంది.

మీ టైమ్‌టేబుల్ మొత్తం ఒక్క రోజులో మార్చమని అనడం లేదు. పొద్దున మొదటి గంటన్నర రాత తీసేసి ఆట, పాట, కథ పెట్టండి. బాబును ఆ సమయంలోకి తీసుకురండి. అది మీ పిల్లలందరికీ మేలు.

చేర్చుకునే పద్ధతి గురించి. సర్టిఫికెట్లు, రిపోర్టులు చూసి బాబును అంచనా వేయకండి. అమెరికా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చే కుటుంబాలు మందపాటి ఫైలు తెస్తాయి, అది చూసే చాలామంది బెదిరిపోతారు. మిగతా పిల్లలు ఉన్న సమయంలోనే ఒక గంట అతన్ని బడికి రానివ్వండి. తల్లిని కూర్చోబెట్టి అడగండి: నీళ్లు కావాలంటే ఎలా అడుగుతాడు? ఏడుపు మొదలయ్యే ముందు ఏం చేస్తాడు? ఏది చేతికిస్తే శాంతిస్తాడు? ఏం తింటాడు, ఏది ముట్టడు? ఎన్ని గంటలకోసారి డైపరు మార్చాలి? ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసి టీచరుకు, ఆయాకు ఇవ్వండి. డాక్టరు రిపోర్టు కంటే ఈ ఒక్క కాగితం ఎక్కువ పనికొస్తుంది.

మొదటి వారం రోజుకు గంట చాలు. తర్వాత పెంచండి. అయితే పూర్తి రోజు ఎప్పటినుంచి ఉంటాడో తేదీ ముందే రాసుకోండి. తేదీ లేకపోతే ఆ గంట గంటగానే మిగిలిపోతుంది. రిజిస్టరులో పేరుండి, తొమ్మిదిన్నరకు వచ్చి పదిన్నరకు వెళ్లిపోయే పిల్లలను ఎందరినో చూశాను. బడి వారు చేర్చుకున్నామనే అనుకుంటారు. అంగన్‌వాడీల్లో ఇది ఇంకో రూపంలో ఉంటుంది. బిడ్డ పేరు రాస్తారు, తూకం వేస్తారు, గుడ్డు, పాలు ఇంటికి పంపుతారు, బిడ్డను మాత్రం ‘ఇంట్లోనే ఉంచమ్మా’ అంటారు. అంగన్‌వాడీ టీచర్ల మీద పని భారం ఎంతో నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అక్కడ కూడా తేడా తెచ్చేది సూపర్‌వైజరే. పర్యవేక్షణకు వచ్చినప్పుడు రిజిస్టరు మాత్రమే చూసి వెళ్లే సూపర్‌వైజరు ఉన్నచోట బిడ్డ ఇంట్లో ఉంటాడు. ‘ఆ పాప ఏది, ఎక్కడ కూర్చుంటుంది?’ అని అడిగే సూపర్‌వైజరు ఉన్నచోట పాప గదిలో ఉంటుంది. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. లక్షణాలు ముందే గుర్తించడం, కార్యక్రమాల్లో కలుపుకోవడం, కుటుంబానికి ధైర్యమివ్వడం, ఆశా, ఏఎన్ఎంల ద్వారా వైద్య బృందానికి పంపడం అన్నీ అందులో ఉన్నాయి. మీది ప్రైవేటు బడి అయినా అది చదవండి.

మాట రాకపోవడం గురించి మీ టీచర్లు ఎక్కువగా భయపడుతున్నట్టున్నారు. మంచినీళ్ల గ్లాసు, బాత్రూము తలుపు, టిఫిన్ డబ్బా, ఉయ్యాల, అమ్మ: వీటి ఫోటోలు ఫోనుతో తీసి, ప్రింటు వేయించి, అట్టకు అంటించి అతనికి అందే ఎత్తులో పెట్టండి. చూపించడం నేర్పండి. చూపించిన వెంటనే ఇవ్వండి. ఆ రోజు జరగబోయేవి కూడా బొమ్మల వరుసగా గోడకు పెట్టండి. ఇప్పుడు పాట, తర్వాత నీళ్ల ఆట, తర్వాత టిఫిను. ఏం జరగబోతుందో తెలియకపోవడం ఆటిజం ఉన్న పిల్లలను చాలా కలవరపెడుతుంది. బొమ్మలు వాడితే మాటలు రావని కొందరు తల్లిదండ్రులు అనుమానపడతారు, అది అపోహ. ప్రార్థనలో మైకు కట్టేయండి. చిన్న బడికి మైకు అవసరమే లేదు. మీ మిగతా పిల్లల్లో కూడా ఒకరిద్దరు ఆ శబ్దానికి ఇబ్బందిపడుతూనే ఉంటారు, చెప్పుకోలేదు, అంతే. గేటుకు పై గడియ పెట్టించండి. బాబుకు మూర్ఛలు ఉన్నాయా అని తప్పక అడగండి. ఉంటే వచ్చినప్పుడు ఏం చేయాలో డాక్టరుతో రాయించి గోడకు పెట్టండి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

డైపరు సంగతి ఆయాతో మీరే మాట్లాడండి. పని పెరిగితే జీతం పెంచండి. సాధారణంగా ఈ చర్చలన్నీ టీచర్లతోనే జరుగుతాయి, ఆయాను ఎవరూ పిలవరు. బాబుతో ఎక్కువ సమయం గడిపేది ఆమే, అతని ముఖం చూసి అవసరం ముందుగా పట్టేదీ ఆమే. ఆమెను మీటింగులో కూర్చోబెట్టండి.

టీచర్ల వైఖరి గురించి దాచకుండా చెబుతాను. వాళ్లు మీ మాటలు కాదు, మీ రోజును చూస్తారు. మీరు ‘మనమంతా ప్రేమగా చూసుకోవాలి’ అని చెప్పి ఆఫీసులోకి వెళ్లిపోతే, సాయంత్రం ఆ టీచరునే ‘నోటుబుక్కులు ఎందుకు పూర్తి కాలేదు?’ అని అడిగితే ఆమెకు ఏది ముఖ్యమో అర్థమైపోతుంది. మరుసటి రోజు బాబు ఆయా ఒడిలో, గది మూల ఉంటాడు. నేను ఎక్కువగా చూసేది నేరుగా తిరస్కరణ కాదు, ఇదే. పైకి చేర్చుకున్నట్టే ఉంటుంది, ఎవరూ కోప్పడరు, బిడ్డకు ఎవరూ ఏమీ నేర్పరు. అందుకే మొదటి రోజుల్లో, అతనికి కష్టమైన సమయంలో మీరే క్లాసులో కూర్చోండి. ఏడుపు వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారో టీచరు చూడాలి. ఆ క్లాసును మొదటి మూడు నెలలు ‘ఎన్ని పేజీలు రాశారు?’ అని అడగకండి. ‘మా వల్ల కాదు’ అన్న టీచరును మార్చాలని వాదించకండి. బాబు మొదటిసారి ఆమెకు నీళ్ల బొమ్మ చూపించిన రోజు ఆమె ఆలోచన దానంతటదే కదులుతుంది. ఇలాంటి పిల్లవాడితో స్వయంగా పనిచేయడం, అదీ పక్కన సాయం ఉండగా పనిచేయడం మార్చినంతగా ఏ ఉపన్యాసమూ మనుషుల్ని మార్చడం నేను చూడలేదు. సిద్ధమయ్యాక చేర్చుకుందామంటే ఆ సిద్ధం కావడం ఎలా వస్తుంది?

షాడో టీచరును, అంటే బడిలో బాబు ఒక్కడి వెంటే ఉండే సహాయకురాలిని, పెట్టుకోమని తల్లిని అడుగుదామని మీ వారు అన్నట్టు రాశారు. ఆ ఖర్చు ఆమె భరించలేకపోవచ్చు, అలాంటి షరతు పెట్టడం దొడ్డిదారిన కాదనడమే అవుతుంది. పైగా పగలంతా ఒక పెద్దమనిషి అంటిపెట్టుకుని ఉంటే తోటి పిల్లలు దగ్గరికి రారు. తల్లి మొదటి వారం కూర్చోవచ్చు, తర్వాత బయట, తర్వాత ఇంట్లో. ఫీజు అందరికీ ఎంతో అతనికీ అంతే. ఈమధ్య పట్టణాల్లో కొన్ని బడులు ఇలాంటి పిల్లలను చేర్చుకుని, పై అంతస్తులో థెరపీ గది పెట్టి, రెట్టింపు ఫీజు తీసుకుని, క్లాసులోకి మాత్రం రానివ్వడం లేదు. దాన్ని చూసి అదే పద్ధతి అనుకోకండి.

మిగతా తల్లిదండ్రుల అనుమతి అడగకండి. అది వారు ఇవ్వవలసింది కాదు. బాబు వివరాలు వారికి చెప్పే హక్కు మీకూ లేదు, అతని తల్లి ఒప్పుకుంటే తప్ప. ఎవరైనా వచ్చి ‘మా పాప అతన్ని చూసి మాటలు మానేస్తుంది’ అంటే ఓపికగా వినండి, అలా జరగదని చెప్పండి. కొరికాడనో, నెట్టాడనో అంటే ఏ నాలుగేళ్ల పిల్లవాడు కొరికినా ఏం చేస్తారో అదే చేయండి, అదే చెప్పండి. ఒకరిద్దరు పిల్లలను మాన్పించవచ్చు. ఆ నష్టం చిన్న బడికి చిన్నది కాదని నాకు తెలుసు, అయినా నిలబడండి. మీ గొంతు తడబడితే ఆ అభ్యంతరం పదిమందికి పాకుతుంది. పిల్లలకు మాత్రం ఉన్నమాట చెప్పండి: ‘అతనికి ఇంకా మాటలు రాలేదు, బొమ్మ చూపిస్తాడు, మీరూ చూపించండి.’ వాళ్లకు అంతకంటే వివరణ అవసరం ఉండదు.

మీరు ఒక్కరే మోయనవసరం లేదు. మీ మండలంలో గానీ దగ్గర్లో గానీ ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాన్ని వెతకండి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా జరుగుతుంది. ఒకసారి మీ బడికి వచ్చి చూడమని అడగండి. జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల సత్వర చికిత్స కేంద్రం, అంటే డీఈఐసీ, ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అది పనిచేస్తుంది, మాట, నడక, వినికిడి అన్నీ ఒకేచోట పరీక్షిస్తారు. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల మొదలైన క్రాస్ డిజెబిలిటీ (అన్ని రకాల వైకల్యాలనూ ఒకేచోట చూసే) సత్వర సేవా కేంద్రాల్లో రెండు మన తెలుగు నేల మీదే ఉన్నాయి. ఒకటి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థలో, రెండోది నెల్లూరులో. పుట్టినప్పటి నుంచి 6 ఏళ్ల దాకా పిల్లలను అక్కడ చూస్తారు, తల్లిదండ్రులకు ఇంట్లో చేయవలసినవి నేర్పుతారు. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, అంటే సదరం సర్టిఫికెట్, ఇంకా లేకపోయినా ఫర్వాలేదు. దాని కోసం అడ్మిషన్ ఆపకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా గురించి ఆ తల్లికి చెప్పండి, ఆటిజం ఉన్నవారికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీ ఖర్చులో కొంత తగ్గుతుంది.

మీ వారితో జూన్ గురించి మాట్లాడేటప్పుడు ఒక్క లెక్క చెప్పండి. బాబుకు ఇప్పుడు నాలుగేళ్లు. ఇంకొన్ని నెలలు ఆగి చేరితే ఐదు దగ్గరపడతాయి, తన వయసు పిల్లలు యూకేజీలో ఉంటారు, అతను మొదటిసారి బడి గుమ్మం తొక్కుతుంటాడు. అప్పుడు ‘వయసు పెరిగింది, వెనకబడ్డాడు’ అన్న కొత్త కారణం దొరుకుతుంది. ఇవాళ డైపరుతో ఉన్న నాలుగేళ్ల పిల్లవాడిని చేర్చుకోవడం ఎంత కష్టమో, ఏడాది తర్వాత అంతకంటే కష్టం.

అన్నీ చేశాక కూడా కుదరకపోతే? ఒక టర్ము చూడండి. తల్లిదండ్రులతో, భవిత కేంద్రం టీచరుతో కూర్చుని ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు అని రాసుకోండి. ప్రయత్నించి, మార్చి చూసి, అతనికి ఇంకో చోట మేలు జరుగుతుందని అందరూ కలిసి అనుకోవడం వేరు. మొదటి రోజే తలుపు వేయడం వేరు.

రేపు ఆ తల్లికి ఫోను చేసి రోజు, సమయం చెప్పండి. బాబుకు ఇష్టమైన ఒక వస్తువు, రెండు జతల బట్టలు, డైపర్లు తెమ్మనండి. చేరిన రెండో వారంలో ఏదో ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. అప్పుడు ఏ సమయంలో జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, మీరేం చేశారు అన్నవి రాసి పంపండి. దాన్ని బట్టి తర్వాతది చెబుతాను.